కథ రాకముందు బొమ్మ చూడొద్దు

రండి, కూర్చోండి. చాప కొంచెం నెగడు దిక్కుకు జరుపుకోండి, మరీ దగ్గరికి మాత్రం వద్దు. కందికట్టె మంచిగా మండుతుంది గానీ ఉన్నట్టుండి చిటపటమని నిప్పురవ్వలు ఎగరేస్తుంది. చలికాలం వచ్చిందంటే టీవీలో వాతావరణం చదివేవాళ్లకు మా సంగారెడ్డి జిల్లా గుర్తొస్తుంది. కోహీర్‌లో ఇన్ని డిగ్రీలని చెప్పి పక్క వార్తకు పోతారు. మనూరు పేరు ఎవరూ చదవరు. అట్లాగని చలి మమ్మల్ని వదిలిపెడుతుందా? మంజీర మీంచి వచ్చే గాలికి టీవీతో పనేముంది! ఇదిగో, ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయ. ఒలుచుకుంటూ వినండి. ఈ రాత్రి కబురు కొంచెం దూరం పోతుంది, మనీలా దాకా పోయి వస్తుంది.

మా మేనల్లుడొకడు దుబాయిలో ఒక పెద్ద హోటల్లో పనిచేస్తున్నాడు. మొన్న రాత్రి వాడు ఫోన్‌లో ఒక వీడియో పంపాడు. హోటల్ ముందు హాలు, నేల అద్దంలా మెరుస్తోంది. మధ్యలో మన ఎడ్లబండంత నల్లటి పియానో. దాని ముందు పాతికేళ్ల ఫిలిప్పీన్స్ అమ్మాయి. వెనక గోడ నిండా ఒక పెయింటింగ్. వీడియోలో మావాడి గొంతు మెల్లగా వినిపిస్తోంది: "మామా, ఈ పిల్ల బొమ్మను చూసుకుంట వాయిస్తది. బొమ్మకు పాట ఉంటదంటది. మన దిక్కు గిట్లాంటిది ఏమన్న ఉన్నదా?"

వాడి ప్రశ్న సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ అమ్మాయి సంగతి. ఫిలిప్పీన్స్ వాళ్లు హోటల్లో వాయించడం ఈనాటిది కాదు. మూడు వందల ఏళ్లకు పైగా స్పెయిన్ వాళ్ల ఏలుబడి, దాంతో పాటు చర్చి పాట. 1898లో అమెరికా వాళ్లొచ్చారు, వాళ్ల వెంట మిలిటరీ బ్యాండు. రెండూ ఒంటబట్టించుకున్నారు ఆ దీవుల వాళ్లు. నూరేళ్ల కిందట షాంఘై, హాంకాంగ్ డాన్సుహాళ్లలో బూరలు ఊదినవాళ్లలో, ఫిడేళ్లు వాయించినవాళ్లలో చాలామంది వాళ్లే. మా ఊళ్లో పెళ్లయితే బ్యాండు నారాయణఖేడ్ నుంచి వచ్చినట్టు, తూర్పు ఆసియాకంతా బ్యాండు మనీలా నుంచి వచ్చేదన్నమాట.

మనీలా పక్కన లాస్ పిన్యాస్ అనే ఊళ్లో ఒక చర్చి ఉంది. అందులో ఆర్గన్ వెదురుది. డియెగో సెరా అనే పాదిరి ఏళ్ల తరబడి కష్టపడి 1824లో దాన్ని పూర్తి చేశాడు. మొత్తం 1,031 గొట్టాలు, అందులో 902 వెదురువే. వెదురుకు పురుగు పట్టకూడదని ముందు దాన్ని సముద్రపుటిసుకలో పాతిపెట్టాడట. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంటి కప్పుకు వెదురు తెస్తే మావాళ్లు చెరువు నీళ్లలో నానేయరూ? పాదిరి అయితేనేం, పురుగు ముందు అందరూ రైతులే.

ఇక బొమ్మ సంగతి. ఆ అమ్మాయి తీరిక వేళలో మావాడికి తన ఫోన్‌లో ఒక బొమ్మ చూపించిందట. పేరు 'స్పోలియారియం'. గీసింది ఫిలిప్పీన్స్ వాడే, హువాన్ లూనా. రోము గోదాలో కత్తులతో పోరాడి చచ్చిన బానిసల శవాలను నేలమీద ఈడ్చుకుపోతుంటారు. ఒక పక్క జనం వేడుక చూస్తుంటారు, ఇంకో పక్క ఒకామె మొహం తిప్పుకొని ఏడుస్తుంటుంది. 1884లో మాడ్రిడ్‌లో దానికి బంగారు పతకం వచ్చింది. ఏలినవాళ్ల రాజధానికే పోయి ఏలుబడి కిందివాడు గెలిచాడు కాబట్టి అక్కడివాళ్లకు అది ఒట్టి బొమ్మగా మిగల్లేదు. 14 అడుగుల ఎత్తు, 25 అడుగుల వెడల్పు. ఇప్పుడు మనీలా జాతీయ మ్యూజియంలో ఒక గోడంతా అదే. ఆ బొమ్మ పేరుతోనే రయాన్ కయాబ్యాబ్ అనే సంగీతకారుడు ఏకంగా ఒక ఒపేరా కట్టాడు. "గంత పెద్ద బొమ్మ మామా, దానికి పాటలు కట్టిండ్రు" అని మావాడికి ఒకటే ఆశ్చర్యం.

నేను వెంటనే జవాబు పెట్టాను: "మనది 45 అడుగులు ఉంటదిరా. పాట లేకుంటే అసలు విప్పనే విప్పరు."

నేను గొప్పకు చెప్పలేదు. మా అమ్మమ్మగారి ఊరు సిద్దిపేట దిక్కు. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయేమో, సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ముదిరాజుల వాడకట్టుకు పటంకథ వాళ్లొచ్చారు. కాకిపడగల వాళ్లు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పడం వాళ్ల హక్కు. తెలంగాణలో ఈ లెక్క చాలా పకడ్బందీగా ఉండేది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు కూనపులి వాళ్లు. గౌడులకు గౌడజెట్టి వాళ్లు. మాదిగలకు జాంబపురాణం డక్కలి వాళ్లు. గొల్లలకు మందహెచ్చుల వాళ్లు, వాళ్ల దగ్గర పటం బదులు కొయ్యబొమ్మలుంటాయి. ఎవరి కులానికి వాళ్ల కథకులు, ఎవరి ఊళ్లు వాళ్లవి. ఒకరి ఊళ్లో ఇంకొకరు పటం విప్పకూడదు.

ఆ రాత్రి రెండు గుంజలు పాతి, పైన అడ్డకర్ర కట్టి దానికి పటం తగిలించారు. మూడడుగుల వెడల్పు. పొడుగెంతో తెలియదు, కింద అంతా చుట్టే ఉంది కదా. ఐదుగురు మనుషులు. ఒకరి ముందు హార్మోనియం, ఒకరి ముందు తబలా, ఇంకొకరి చేతుల్లో చిరుతలు. పెద్దాయన చేతిలో సన్న కట్టె. పెట్రోమాక్స్ లైటు వెలుగులో పటం ఎర్రగా మండుతున్నట్టు కనిపించింది. వెనకంతా ఎరుపే, దాని మీద పసుపుపచ్చ మొహాలు, నీలం మొహాలు, పెద్ద పెద్ద కళ్లు. పెద్దాయన కట్టె ఒక బొమ్మ మీద పెట్టేవాడు, రాగం తీసేవాడు, కథ చెప్పేవాడు. ఆ బొమ్మ కథ అయిపోగానే వంతవాళ్లు అందరూ కలిసి ఒక వరస ఎత్తుకునేవాళ్లు. ఆ వరస సాగినంతసేపూ ఇద్దరు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పేవాళ్లు. వరస ఆగేసరికి కొత్త బొమ్మ ఎదురుగా ఉండేది.

నాకు ఆగలేదు. తర్వాత ఏం బొమ్మ ఉందో చూడాలి. మెల్లగా పటం వెనక్కి పాక్కుంటూ పోయి, చుట్ట కింద చెయ్యి పెట్టి అంచు విప్పబోయాను. కట్టె వచ్చి నా మణికట్టు మీద తగిలింది, గట్టిగా ఏం కాదు. పెద్దాయన కథ ఆపలేదు, రాగమూ ఆపలేదు. అదే రాగంలో, "కథ రాకముందు బొమ్మ చూడొద్దు బిడ్డా" అన్నాడు. వంతవాళ్లు అలవాటు కొద్దీ దానికీ తందానా అన్నారు. ఊరంతా ఘొల్లుమంది. అమ్మమ్మ నన్ను చెవి పట్టుకొని లాక్కొచ్చి పక్కన కూలేసింది.

అట్లాంటి పటాలు గీసేవాళ్లు నకాషీలు. ఒకప్పుడు చాలా ఊళ్లలో ఉండేవాళ్లు, ఇప్పుడు వాళ్ల పేరు చెబితే సిద్దిపేట జిల్లా చేర్యాల ఒక్కటే గుర్తొస్తుంది. ఖద్దరు బట్ట తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు నీళ్లు కలిపి బట్టకు మూడుసార్లు పూస్తారు. ఎండాక బట్ట తోలులా బిగుసుకుంటుంది, చుట్టినా విప్పినా రంగు రాలదు. ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపపు మసి. పై నుంచి కిందికి అరలు అరలుగా బొమ్మలు, అరకూ అరకూ మధ్య పూలతీగ. పాడేవాళ్లు పాత పటం తెచ్చి ముందు పెట్టి కొత్తది గీయమనేవాళ్లు. గీసేవాడు పాడడు, పాడేవాడు గీయడు. కానీ ఒకరి లెక్క ఇంకొకరికి తెలియాలి. ఎంత సేపు పాడతాడో తెలిస్తేనే ఎంత బొమ్మ గీయాలో తెలుస్తుంది.

ఆ పూలతీగ మీద నాకొక ఆలోచన ఉంది, చెప్పనా? దానికి మీరు రష్యా దాకా రావాలి. 1873లో అక్కడ విక్టర్ హార్ట్‌మన్ అనే చిత్రకారుడు చిన్న వయసులోనే పోయాడు. మరుసటేడు స్నేహితులు ఆయన బొమ్మలు సేకరించి ప్రదర్శన పెట్టారు. ముస్సోర్గ్‌స్కీ అనే సంగీతకారుడు అది చూసొచ్చి ఆ బొమ్మలకు పియానో మీద పది స్వరరచనలు కట్టాడు. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఏం పెట్టాడో తెలుసా? నడక. ఒక బొమ్మ ముందు నుంచి ఇంకో బొమ్మ ముందుకు తను నడిచిన నడకను ఒక వరసగా కట్టాడు. అదే వరస మాటిమాటికీ వస్తుంది, మనసులో ఉన్నదాన్ని బట్టి ఒకసారి భారంగా, ఒకసారి తేలికగా. నేను దాన్ని మొదటిసారి విన్నప్పుడు, "అరె, ఇది మా అమ్మమ్మ ఊరి వంతపాట కదా" అనుకున్నాను. అక్కడ బొమ్మలు గోడకు ఉంటాయి కాబట్టి మనిషి నడవాలి. మన దగ్గర మనుషులు కూర్చుంటారు, బొమ్మే నడవాలి. ఎవరు నడిచినా ఆ నడకకొక పాట కావాలి. పటం మీద పూలతీగ గీసిన చోట వంతవాళ్లు ఎత్తుకునేది ఆ పాటే.

కందికాయ అయిపోయిందా? ఇంకో పిడికెడు తీసుకోండి. ఇప్పటిదాకా వాడకట్టు సంగతి. ఇప్పుడు రాజుల సంగతి.

బీదర్ మాకు దూరమేం కాదు. ఆ కోట 1619లో బీజాపూర్ సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్ షా చేతికొచ్చింది. ఆయన 1580 నుంచి 1627 దాకా ఏలాడు. కత్తి కంటే తంబూరా మీదే మనసెక్కువ. ఆ తంబూరాకు మోతీఖాన్ అని పేరు పెట్టుకున్నాడు. సరస్వతినీ గణపతినీ కూడా తలుచుకుంటూ 'కితాబ్-ఎ-నవరస్' అని ఒక పాటల పుస్తకం రాశాడు. ఏ పాట ఏ రాగంలో పాడాలో అందులోనే ఉంటుంది. భాష దక్కనీ. నారాయణఖేడ్ అంగట్లో ఇవ్వాళ బేరాలాడుతుంటే వినిపించే దక్కనీకి అది ముత్తాత అనుకోండి. ఫర్రుఖ్ బేగ్ అనే చిత్రకారుడు, సుల్తాను తంబూరా వాయిస్తుండగా గీసిన బొమ్మ ఒకటి ఎట్లా పోయిందో ఐరోపా పోయి, ప్రాగ్ నగరం మ్యూజియంలో చేరింది.

ఆ కాలంలోనే దక్కను చిత్రకారులు రాగాలకు బొమ్మలు గీశారు. రాగమాల అంటారు. ఆరు రాగాలు, ఒక్కో రాగానికి ఐదుగురు పెళ్లాలు, అంటే రాగిణులు, అంతా కలిపి 36 బొమ్మలు. హిందోళమంటే ఉయ్యాల. మేఘరాగమంటే వానలో ఆడే కృష్ణుడు. ఆసావరి అంటే గుట్ట మీద పాములతో ముచ్చటాడే అడవి ఆడపిల్ల. దేశాఖ అనే రాగిణి ఉంది చూశారూ, ఆమెకు ఆడమనిషి బొమ్మే ఉండదు. తాలీంలో పహిల్వాన్లు గుంజ ఎక్కుతుంటారు, కరేళ్లు తిప్పుతుంటారు. పెళ్లాం పేరు చెప్పి పహిల్వాన్‌ను చూపించిన చిత్రకారుడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

నాకు వాటిలో తోడి అంటే ప్రాణం. అడవి అంచున ఒక ఆడమనిషి భుజాన వీణ పెట్టుకొని నిలబడి ఉంటుంది. చుట్టూ జింకలు. తల ఎత్తి, చెవులు నిక్కబొడుచుకొని, మేత మరిచిపోయి వింటుంటాయి. ఇది గుడి బొమ్మా, అంతఃపురం బొమ్మా? రెండూ కాదు. పంట కోతకొచ్చే వేళ చేలకు కావలి ఉండే ఆడపిల్లలు, జింకలు పైరులో పడకుండా పాడిన పాట నుంచి ఈ రాగిణి పుట్టిందని ఒక మాట ఉంది. అది విన్నాక నాకు తోడి మా జొన్నచేలోకి వచ్చేసింది. మంచె మీద మేమూ కావలి కూర్చున్నవాళ్లమే. వడిసెల తిప్పేవాళ్లం, రేకు డబ్బా కొట్టేవాళ్లం, గొంతు చించుకొని కూతలు పెట్టేవాళ్లం. పిట్టలు లేచిపోయేవి. ఆమె మాత్రం తరమలేదు చూడండి. పాడి, జింకలను ఉన్నచోటే నిలబెట్టింది. పంట దక్కింది, జింకలకు దెబ్బ తగల్లేదు. కావలి పని అంత అందంగా చేయొచ్చని మాకెవరూ చెప్పలేదు.

మీరొక మాట అడగొచ్చు: గీసినవాడు ఆ రాగం విన్నాడా? చాలాసార్లు విని ఉండడు. రాగానికొక ధ్యానశ్లోకం ఉంటుంది. ఆమె రంగేమిటి, చీరేమిటి, చేతిలో ఏముంది అని. చిత్రకారుడు ఆ మాటలు పట్టుకొని గీసేవాడు. తెలుగువాడని చెప్పే సోమనాథుడు 1609లో 'రాగవిబోధ' రాసి, రాగానికి రెండు రూపాలున్నాయన్నాడు. ఒకటి చెవికి వినిపించే నాదరూపం, ఇంకొకటి మనసులో కనిపించే దేవతారూపం. రాగమాల గీసినవాడికి రెండోదే దక్కింది. అందుకే ఆ బొమ్మల్లో ఒక విచిత్రమైన నిశ్శబ్దం ఉంటుంది. పాట ఎప్పుడో అయిపోయి, జింకలు మాత్రం ఇంకా వింటున్నట్టు.

ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ముస్సోర్గ్‌స్కీ పాట ఉంది, ప్రపంచమంతా వాయిస్తున్నారు. హార్ట్‌మన్ బొమ్మల్లో చాలావరకు పోయాయి. రాగమాల బొమ్మ మిగిలింది, ఆనాటి తోడి ఎట్లా ఉండేదో మన చెవికి అందదు. పటంకథలో మాత్రం ఒకటి పోతే రెండోది బతకదు. రాజస్థాన్‌లో పాబూజీ కథ చెప్పే భోపాలు, చిరిగిపోయిన పటాన్ని పుష్కర్ చెరువులో కలుపుతారు, మనిషి అస్థికలు కలిపినట్టు. మన దిక్కు కూడా పాతబడిన పటాన్ని పారే నీళ్లలో విడిచేవాళ్లు. బట్ట చిరిగినా బొమ్మ దాచుకోవచ్చు కదా అని మనకనిపిస్తుంది. వాళ్ల లెక్క వేరు. తబలా పగిలితే అద్దాల పెట్టెలో పెడతామా?

కానీ కాలం పెట్టించింది. హైదరాబాదులో జగదీశ్ మిట్టల్ దంపతులు ఎంతో ఓపికతో దక్కను బొమ్మలూ, మన పటాలూ సేకరించి మ్యూజియం చేయబట్టి కొన్నైనా మిగిలాయి. చేర్యాలలో నకాషీలు ఇప్పుడు చిన్న చిన్న చట్రాల బొమ్మలు, మాస్కులు, కీచైన్లు చేస్తున్నారు. నేను తప్పు పట్టను. పాడేవాడు రాకపోతే గీసేవాడు పస్తుండాలా? పాట చెయ్యి వదిలింది కాబట్టే బొమ్మ బతికింది. పాట దిక్కు నుంచి చూస్తే డక్కలి వాళ్ల కిన్నెర ఉంది. వెదురు దండె, సొరబుర్రలు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. లాస్ పిన్యాస్ పాదిరి వెదురు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మోగుతోంది. మన వెదురు వాయించే చేతులను వేళ్ల మీద లెక్కపెట్టాలి.

నా సంగతీ చెప్పాలి, ఊరికే ఊరి మీద పెట్టి తప్పించుకోకూడదు. నాలుగేళ్ల కింద పట్నంలో ఒక దుకాణంలో చేర్యాల బొమ్మ ఒకటి కొన్నాను. జానెడు చట్రం. ఇందులో కథేమిటని అడిగితే దుకాణమాయన, "విలేజ్ సీన్ సార్" అన్నాడు. ఇంటికి తెచ్చి గోడకు కొట్టాను. మా పెద్దమ్మ వచ్చి చూసి, "కింది బొమ్మ ఏదిరా? పైది ఏది? నడిమధ్యల ముక్క తెచ్చినవేంది?" అంది. నిజమే. 45 అడుగుల వాక్యంలోంచి ఒక్క అక్షరం కోసి తెచ్చుకున్నాను.

దాని ఫోటోనే మావాడికి పంపాను. వాడు పియానో అమ్మాయికి చూపించాడు. ఆమె మొదట అడిగింది ఎవరు గీశారని కాదు, ఎంతకు కొన్నారని కాదు. "దీని పాటేది?" అంది. నాకు మాటలు గుర్తు లేవు. వంతవాళ్ల వరస ఒక్కటి, పటం విప్పేటప్పుడు పాడేది, ఎక్కడో లోపల ఉండిపోయింది. ఇదే నెగడు పక్కన కూర్చొని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని కూనిరాగం తీసి పంపాను. తెల్లారి వీడియో వచ్చింది. హోటల్ హాల్లో అతిథులు కాఫీ తాగుతున్నారు. ఆ అమ్మాయి ఎడమచేత్తో తబలా నడక పట్టుకొని, కుడిచేత్తో మా అమ్మమ్మ ఊరి వరస వాయించింది. ఒక చోట జారే స్వరం దగ్గర ఆగి తడుముకుంది. పియానోకు మెట్లే తప్ప జారుడు లేదు కదా, పాపం. మిగతాదంతా సరిగానే వచ్చింది.

వాయించి, కెమెరా దిక్కు తిరిగి ఏదో అడిగింది. మావాడు తెలుగు చేసి చెప్పాడు: "పటం విప్పేటప్పటి పాట అని చెప్పినవు కదా మామా, విప్పినంక ఏం బొమ్మ వస్తదో అడుగుతుంది."

కథ రాకముందు బొమ్మ చూడొద్దని చెప్పమన్నాను. పెద్ద తెలివైన జవాబిచ్చానని ఇద్దరూ నవ్వారు. మీకు మాత్రం నిజం చెబుతాను, నెగడు ముందు అబద్ధమెందుకు? చెవి పట్టి కూలేశాక అమ్మమ్మ ఒళ్లో నేను నిద్రపోయాను. పొద్దున లేచేసరికి గుంజలు పాతిన గుంతలే ఉన్నాయి. తర్వాతి బొమ్మ నేనూ చూడలేదు.

సంక్రాంతి పోయాక చేర్యాల పోదామనుకుంటున్నాను. మీరూ వస్తారా?